తల్లికి తల్లి యెవరు?



పాల్కురికి సోమనాథ మహాకవి తెలుగు ద్విపదలో రచించిన బసవ పురాణమునందు బెజ్జ మహాదేవి చరిత్ర కలదు. లింగాయతుల యిండ్లలో ఈ కథ వినక పెరిగిన పిల్లలు అరుదు. ఆ భక్తురాలికి ఒకనాడు ఒక చింత కలిగెను. లోకమున ప్రతి జీవికిని తల్లి కలదు. సర్వలోకములకును తండ్రియైన శివునకు మాత్రము తల్లి లేదు. తల్లి లేనందుననే గదా ఆయన వల్లకాటిలో తిరుగుచున్నాడు, విషము మ్రింగినాడు, తోలు కట్టుకొని బూడిద పూసికొని యున్నాడు అని ఆమె హృదయము కరగెను. ఇతరులు శివుని వరము లడుగుదురు. ఆమె ఏమియు అడుగలేదు. తానే ఆయనకు తల్లి యయ్యెను. శివుని పసిబిడ్డగా భావించి నలుగు పెట్టి, నీళ్లు పోసి, కాటుక దిద్ది, పాలిచ్చి, జోకొట్టి పెంచెను.

అంతట శివుడు ఆమె ప్రేమను పరీక్షింపదలచి జబ్బుపడినట్లు నటించెను. బిడ్డ పాలు ముట్టలేదు. అంగిటి ముల్లు వచ్చినదేమో యని ఆమె తల్లడిల్లెను. తినని బిడ్డను చూచుచు తాను బ్రతుకజాలనని ప్రాణములు విడువ సిద్ధపడెను. అప్పుడు పరమేశ్వరుడు ప్రత్యక్షమై ఆమెను అనుగ్రహించెను. నాటినుండి ఆమెకు అమ్మవ్వ యను పేరు నిలిచెను.

ఈ కథలో భక్తికి కొలత యెక్కడ నున్నది? నలుగులో లేదు, కాటుకలో లేదు. బిడ్డ ఒక్క పూట పాలు ముట్టకుండుటను ఆమె వెంటనే కనిపెట్టెను, అదియే కొలత. తల్లి యను మాటకు అర్థ మిదియే: ఎదుటి ప్రాణి తినినదో తినలేదో ఎవరును చెప్పకయే యెరుగునది. ఈ యర్థమును చేతబట్టుకొని గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి నేలలలోని ఊళ్లకు పోయి చూడవలెను. అచ్చట ఒక ప్రశ్న యెదురగును. ఒకప్పుడు పదిమందికి అన్నము పెట్టిన తల్లి నేడు ముదిమిలో తినినదో లేదో కనిపెట్టువా రెవరు? తల్లికి తల్లి యెవరు?

కల్లములోని తాలు

మాఘ ఫాల్గుణములందు ఈ సీమలో ఏ ఊరి పొలిమేరకు పోయినను మిర్చి కల్లములు ఎర్రని తివాచీలవలె పరచియుండును. గుంటూరు మిర్చి యార్డు ఆసియా ఖండమునందే పెద్ద విపణిగా పేరొందినది. ఆ కల్లముల అంచున గోనెపట్టాపై కూర్చుండి కాయలకు తొడిమలు తీయుచు, రంగు చెడిన తాలుకాయలను వేరుచేయుచు కనబడువారిలో నడివయసు దాటిన స్త్రీలు, అరువది డెబ్బది యేండ్ల అవ్వలు తక్కువగా నుండరు. నడుము వంగి కోతకు పోలేనివారికి ఈ కూర్చుండి చేయు పని మిగులును. కోరు దుమారమునకు దగ్గుచు, మండు వ్రేళ్లను చెంగున తుడుచుకొనుచు వారు పనిచేయుదురు. కాయకమును కైలాసముతో సమానముగా నెంచిన శరణ ధర్మము ప్రకారము ఈ అవ్వలు కాయకజీవులు. కాని కాయకమునకు ఓపిక చాలని దినము వచ్చినపుడు వారిని కూడ తాలుకాయవలె పక్కకు వేయుట యేమి ధర్మము?

అట్టి యిల్లు నొకదానిని పాఠకులు ఊహించుకొనవచ్చును. ఊరి చివర రేకుల గది. భర్త గతించి పదేండ్లు. కుమారుడు నగరమున కూలికో, కావలికో పోయినాడు. వారమునకొకసారి ఫోను చేయును. "అమ్మా, అన్నం తిన్నావా?" అని అడుగును. "తిన్నాను నాయనా, నువ్వు తిన్నావా?" అని తల్లి బదులిచ్చును. కుమారుని మనసు కుదుటపడును. తల్లి చెప్పినది అబద్ధమును గాదు. ఆమె తినినది. ప్రొద్దున వండిన పట్టెడు మెతుకులలో నీళ్లు పోసికొని, ఇంత కారమో పచ్చడో నంజుకొని తినినది. రాత్రికి మరల పొయ్యి వెలిగించుట యెందులకని ఒక గ్లాసు తేనీరు త్రాగి పడుకొన్నది. పప్పు వండి ఎన్నాళ్లయినదో ఆమెకే గుర్తులేదు. గాజులు మోచేతివరకు జారుచున్నవి. "ముసలితనం కదా, చిక్కిపోక ఏమవుతుంది" అని ఇరుగుపొరుగువారు అనుకొందురు. ఆమెయు అదియే అనుకొనును.

బెజ్జ మహాదేవి బిడ్డ ఒక్క పూట తినకుండుటను ఎరిగెను. ఈ తల్లి ఆరు నెలలుగా సరిగా తినకుండుటను ఎవరును ఎరుగలేదు. భేద మిదియే.

కనబడు కరవు, కనబడని కరవు

ఈ సీమకు కరవు క్రొత్త కాదు. 1832, 1833 సంవత్సరములందలి నందన కరవును గుంటూరు మండలము మరువలేదు. నాడు ఈ జిల్లాలో నున్న సుమారు 5 లక్షల మందిలో లక్షన్నర మంది వరకు మరణించిరని చరిత్ర చెప్పుచున్నది. ఆ కరవు అందరికిని కనబడినది. చెరువులెండినవి, పశువులు చచ్చినవి, బాటల వెంట మనుష్యులు పడిపోయిరి. నేటి వృద్ధుల ఆకలి అట్లు కనబడదు. గిడ్డంగులలో ధాన్యమున్నది, అంగడిలో బియ్యమున్నది, ఊరిలో పెండ్లి భోజనములున్నవి. వాటి నడుమ తలుపు దగ్గరగా వేసియున్న గదిలో ఒక్క ప్రాణి కొంచెము కొంచెముగా కరగిపోవును.

2017, 2018 సంవత్సరములలో మన దేశమున వయోవృద్ధుల స్థితిగతులపై జరిగిన బృహత్ పరిశీలనలో 60 యేండ్లు పైబడినవారిలో నాలుగింట ఒక వంతునకు పైగా ఉండవలసిన బరువుకంటె తక్కువ బరువుతో నున్నట్లు తేలినది. ఎత్తును మీటర్లలో కొలిచి, ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేసి, కిలోల బరువును దానిచే భాగించగా వచ్చు లెక్క 18.5 కంటె తక్కువైనచో ఆ మనిషి బక్కచిక్కిన వారి క్రింద లెక్క. సులువుగా చెప్పవలెనన్న, ఐదడుగుల ఎత్తు గల స్త్రీ 43 కిలోలకంటె తక్కువ తూగినచో ఆమెకు తిండి చాలుటలేదని, లేదా తినినది ఒంట బట్టుటలేదని గ్రహింపవలెను.

దీనికి కారణములు పెక్కు. మొదటిది నేలయొక్క మార్పు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడువబడెను. అంతకు మునుపు ఈ మెట్టనేలలలో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ పండెడివి. కంది, పెసర, ఉలవ అంతర పంటలుగా నుండెడివి. పేదవాని కుండలో సంకటియు, ఉలవచారును కూడ నుండెడివి. సాగరు నీరు ఎన్నో కుటుంబములను నిలబెట్టినది. అందు సందేహము లేదు. అయినను పత్తి, మిర్చి విస్తరించిన కొలది పండినది అమ్ముటకును, తినునది కొనుటకును అయినది. పత్తి కడుపు నింపదు, మిరపకాయ ఆకలి తీర్చదు. ధర పడిపోయిన యేట మొదట తగ్గునది కుండలోని పప్పు. 1987, 1988లలో పత్తి పంట పురుగు పాలై, ప్రకాశము, గుంటూరు జిల్లాల రైతులు అప్పుల భారమున ఆత్మహత్యలు చేసికొనిన విషాదము ఈ సీమ యెరిగినదే. కొడుకు పోయిన యింట మిగులువారు వృద్ధులును పసివారును.

రెండవది వలస. పశ్చిమ ప్రకాశమునుండి వయసున నున్నవారు మిర్చి కోతలకు, భవన నిర్మాణపు పనులకు దూరము పోవుదురు. ఇంటికడ వృద్ధులు మిగులుదురు. కనిగిరి ప్రాంతమున తరతరములుగా త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగి, కీళ్లు బిగిసి, నడువలేక యున్నవారు కలరు. పాలు, ఆకుకూరలు అందక ఒంటిలో కాల్షియము తగ్గినవారికి ఆ నీటి హాని మరింత ఎక్కువ. అట్టివారికి అంగడి వంద గజములలో నున్నను దూరమే.

మూడవది ముదిమి ధర్మము. నాలుకకు రుచి మందగించును. దాహము తెలియదు. పండ్లు ఊడిపోవును, అన్నమును మ్రింగగలరుగాని పప్పుబద్దను, కాయకూరను నమలలేరు. కంటిలో శుక్లము పెరిగినవారు పొయ్యి దగ్గరకు పోవుటకు భయపడుదురు. కొన్ని మందులు ఆకలిని చంపును. అన్నిటికంటె మించినది ఒంటరితనము. నలుగురితో కూర్చుండి తినిన ముద్ద వేరు, గోడవైపు చూచుచు తినిన ముద్ద వేరు.

ఆకలి తగ్గును, అవసరము తగ్గదు

"ముసలివారికి ఆకలి తక్కువ, కొంచెము చాలును" అని లోకులు అందురు. ఇందు సగము నిజము, సగము ప్రమాదము. వయసు పెరిగిన కొలది శక్తినిచ్చు గింజల అవసరము కొంత తగ్గును. కండను నిలుపు మాంసకృత్తుల అవసరము మాత్రము తగ్గదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన లెక్క ప్రకారము ఒక కిలో బరువునకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. 45 కిలోల మనిషికి అది సుమారు 37 గ్రాములు. పైన చెప్పిన అవ్వ రోజంతటికి 200 గ్రాముల బియ్యము వండుకొన్నదనుకొన్నచో అందులోనుండి ఆమెకు లభించునది సుమారు 15 గ్రాములు. సగము కూడ కాదు. లోటును శరీరము ఎచ్చటనుండి తెచ్చుకొనును? తన కండలనుండియే తెచ్చుకొనును. ఇల్లు వెచ్చబెట్టుటకు ఇంటి దూలములనే నరికి పొయ్యిలో పెట్టినట్లు.

బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శించిన మహనీయుడు. కాళ్లు ఆ గుడికి కంబములు. ఆ కంబములు లోలోపల తొలుచుకొనిపోయిన తరువాత చిన్న తొట్రుపాటుకే గుడి కూలును. స్నానపుగదిలో జారిపడిన అవ్వ తుంటి విరిగినదన్న అందరును నేలను నిందింతురు. కండ కరగిన కాళ్లను ఎవరును తలచరు. దగ్గు వచ్చిన తగ్గదు, పుండు పడిన మానదు. "వయసైపోయింది, పోయింది" అని చెప్పుకొను మరణములలో ఎన్ని పప్పు లేని మెతుకుల వలన వచ్చినవో పరమేశ్వరునకే యెరుక.

ఇంకొక మాట కూడ చెప్పవలసియున్నది. వృద్ధ స్త్రీలలో పలువురు ఒంటిపూటలును, ఉపవాసములును విడువరు. నలువదియేండ్ల వయసున నిండుగా తినుచు వారమున కొకపూట మానుట వేరు. డెబ్బదియేండ్ల వయసున అర్ధాకలిపై మరల ఉపవాసము చేయుట వేరు. లింగము ధరించిన దేహమును ఎండబెట్టుట లింగపూజ కాజాలదు. లింగమునకు అర్పించి ప్రసాదముగా స్వీకరించిన ముద్ద కూడ పూజయే. ఈ మాట గురువులు స్వయముగా చెప్పిననే అవ్వలు విందురు. కోడలు చెప్పిన వినరు.

ప్రభుత్వము పెట్టునది, పెట్టలేనిది

ప్రభుత్వము ఏమియు చేయుటలేదనుట సత్యదూరము. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినపుడు ఈ ఊళ్ల పేదల పొయ్యి నిలిచెను. 1995 ఆగస్టు 15న జాతీయ సాంఘిక సహాయ కార్యక్రమము మొదలయ్యెను. 2000లో పింఛను అందని వృద్ధులకు నెలకు 10 కిలోల ధాన్యము ఉచితముగా ఇచ్చు అన్నపూర్ణ పథకము, నిరుపేద కుటుంబములకు అంత్యోదయ అన్న యోజన వచ్చెను. 2013లో ఆహార భద్రతా చట్టము చేయబడెను. ఆంధ్రప్రదేశమున 2024 జూలైనుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలుగా అందుచున్నది. 2024 ఆగస్టునుండి పట్టణములలో అన్న క్యాంటీనులు మరల తెరచి 5 రూపాయలకు భోజనము పెట్టుచున్నారు.

అయినను మిగిలిపోవునది కలదు. క్యాంటీను పట్టణమున నున్నది, అవ్వ పల్లెలో నున్నది. సాధారణముగా ఒక కుటుంబమున ఒకరికే వృద్ధాప్య పింఛను వచ్చును. ఇద్దరు ముసలివారు దానిపై బ్రతుకవలెను. ఆ సొమ్మునుండి మందులకు, అప్పునకు, మనుమని పుస్తకములకు పోగా పళ్లెములోనికి చేరునది స్వల్పము. జీవితమంతయు పత్తి తీసి, మిరప కోసి అరిగిపోయిన వ్రేళ్ల ముద్రలను యంత్రము గుర్తింపకుండుటయు కలదు. కాయకము చేసిన చేతులకు కాయకమే అడ్డువచ్చుటకంటె విచారకరమైన దేమున్నది?

ఇవన్నియు చక్కబడినను ఒకటి మిగులును. ప్రభుత్వము బియ్యము నీయగలదు, సొమ్ము నీయగలదు. ఆ బియ్యమును మెత్తగా ఉడికించి, చెంత కూర్చుండి, "ఇంకొక ముద్ద తినమ్మా" అను నోరు ప్రభుత్వమునకు లేదు. అది మనుష్యునకే యున్నది. అచ్చటనే దాసోహము మొదలగును.

దాసోహము జంగమము కావలెను

దానము వేరు, దాసోహము వేరు. దానము చేయువాడు నిలుచుండి యిచ్చును. పుచ్చుకొనువాడు చేయి చాచును. దాసోహమున పెట్టువాడు తానే దాసుడు. తినువాడు శివస్వరూపుడై పెట్టువానిపై అనుగ్రహము చూపుచున్నాడు. పంచాచారములలో భృత్యాచారమునకు తాత్పర్య మిదియే. ఈ ధర్మమును కల్యాణ పురమున బసవేశ్వరుడు 12వ శతాబ్దమున ఆచరించి చూపెను. దానిని 20వ శతాబ్దమున నిలిపినవారిలో తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములవారు అగ్రగణ్యులు. 1907లో జన్మించి 2019 జనవరి 21న లింగైక్యము చెందిన ఆ మహనీయులు వేలాది విద్యార్థులకు కులభేదము లేక అన్నము, అక్షరము, ఆశ్రయము కల్పించిరి.

తెలుగు సీమ మఠములలోను, శివక్షేత్రములలోను అన్నదానములకు కొదవ లేదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో ఎన్ని పంక్తులు లేచునో అందరికిని తెలియును. అందు ఒక లోపము మాత్రము ఆలోచింపదగియున్నది. పంక్తికి రాగలిగినవాడు ఇంకను కొంత బలము కలవాడే. నిజముగా అన్నము కావలసిన అవ్వ మంచము దిగలేదు. ఆమె పంక్తికి రాదు. వచ్చినను తోపులాటలో నిలువలేదు. నిలిచినను ఆ పులిహోరను, ఆ వేపుడు కూరను నమలలేదు. ఏడాదికొకనాడు కడుపు నిండుటచేత తక్కిన దినముల లోటు తీరదు.

స్థావరము నశించును, జంగమము నిలుచును అని బసవేశ్వరుని బోధ. కదలని పంక్తి స్థావరము. వృద్ధుల గుమ్మము వెదకికొని పోవు గిన్నె జంగమము. దాసోహము జంగమము కావలెను. ఆరగింపలేని విగ్రహమునకు నైవేద్యము పెట్టి, ఆరగింపగల ఆకలిగొన్న ప్రాణిని మరచుటను బసవేశ్వరు డెంత మందలించెనో లింగాయతులకు క్రొత్తగా చెప్పవలసినది లేదు.

ఆ గిన్నె ఏ వాడకు పోవలెనను ప్రశ్న కూడ వచ్చును. లింగధారుల యింటికా, ఇతరుల యింటికా? హరళయ్యను, మధువరసను ఒక్క పంక్తిని కూర్చుండబెట్టిన ధర్మమున ఆ ప్రశ్నకు తావు లేదు. ఆకలికి కులము లేదు. మాదిగపల్లెలోని ముసలితాత, జంగాల వీధిలోని అవ్వ, ఎరుకలవారి గుడిసెలోని తల్లి ఒక్కటే లెక్కలోనివారు.

పిడికెడు బియ్యము, గుప్పెడు పప్పు

ఇది పెద్ద మఠములకే సాధ్యమని చిన్న ఊరివారు అనుకొనరాదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల చరిత్ర స్మరింపదగినది. మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చెడివాడు. ఆ బియ్యముతో దంపతులు జంగమ దాసోహము చేసెడివారు. ఒకనాడతడు మామూలుకంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. నేటికి వలసినదానికంటె ఎక్కువ తెచ్చుట ఆశ యగునని, ఆ మిగులును తెచ్చినచోటనే వేసి రమ్మని పంపెను. ఒక పేద యిల్లాలు మిగులును ఎట్లు చూచెనో గమనింపవలెను. ఒక యింట మిగిలినది వేరొక యింటి లోటు.

నూరు గడపలున్న ఊరిలో ప్రతి యిల్లాలు ప్రొద్దున వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు, అనగా సుమారు 50 గ్రాములు, మఠపు కుండలో వేసినచో దినమునకు 5 కిలోలగును. చిటికెడు పప్పు, అనగా 10 గ్రాములు వేసినచో ఒక కిలో యగును. అది 30 మంది వృద్ధుల సాయంకాలపు గిన్నెలకు చాలును. ఏ యింటికిని ఇది భారము కాదు.

గిన్నెలో నేమి యుండవలెను? పెసరపప్పు గాని కందిపప్పు గాని మనిషికి 30 గ్రాములు పడునట్లు వేసి, మెత్తగా ఉడికించి, మునగాకో తోటకూరో కలిపి, కారము తగ్గించి చేసిన అన్నము. దానికి తోడు ఒక పెద్ద గ్లాసు పాలు లేక పెరుగు. మాంసాహారము ముట్టని లింగాయత వృద్ధులకు పాలు, పెరుగు మరింత ముఖ్యము. రక్తమునకును, నరములకును కావలసిన ఒక జీవపదార్థము శాకములలో లభింపదు, పాలలో లభించును. నమలలేనివారికి వేయించిన వేరుసెనగలను, నువ్వులను బెల్లముతో దంచి పొడిగా ఈయవచ్చును. రాగి అంబలి, ఉలవచారు ఈ నేలకు పాత చుట్టములే. పప్పువలన 7, పాలవలన 8, వేరుసెనగలవలన 7 గ్రాముల మాంసకృత్తులు చేరినచో, అన్నములోని 15 గ్రాములతో కలిసి ఆ 37 గ్రాముల లెక్క పూర్తియగును. అయితే చాలకాలము సరిగా తినక మిక్కిలి చిక్కిపోయినవారికి ఒక్కసారిగా కడుపునిండ పెట్టరాదు. అది ప్రాణమునకే ముప్పు. వైద్యునికి చూపి కొద్దికొద్దిగా పెంచవలెను. చక్కెర వ్యాధి, మూత్రపిండముల వ్యాధి కలవారి విషయమునను వైద్యుని మాట వినవలెను.

గిన్నెతోపాటు కన్ను కూడ పోవలెను. నెల మొదటి దినమున పింఛను పుచ్చుకొనునాడే మఠమున ఒక తూకపు యంత్రము పెట్టి వృద్ధుల బరువు వ్రాసి యుంచవచ్చును. ఆరు నెలలలో బరువు పదింట ఒక వంతు తగ్గినచో ఆలసింపక వైద్యశాలకు తీసికొనిపోవలెను. క్షయవంటి రోగము దాగియుండవచ్చును. చదువుకొన్న యువకులు రేషను కార్డు, పింఛను పత్రములు, వ్రేలిముద్రల చిక్కులు చక్కబెట్టవచ్చును. దిక్కులేనివారికొరకు 14567 అను వృద్ధుల సహాయ సంఖ్య కలదు. కన్నవారిని పోషింపక విడిచిన బిడ్డలపై 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టము ప్రకారము ధర్మాధికరణమున మొర పెట్టుకొనవచ్చును. కాని ఏ తల్లియు ఆ మెట్లెక్క దలచదు. ఆమె ఎక్కకముందే ఊరి పెద్దలును, గురువులును కొడుకు నొడిసిపట్టి చెప్పగలిగినచో అదియే మేలు.

చివరగా, గిన్నె తెచ్చినవారు గుమ్మమున పెట్టి పోరాదు. పది నిముషములు కూర్చుండవలెను. బడి పిల్లవాడు తెచ్చినచో మరియు మంచిది. పిల్లవానికి కథ దొరకును, అవ్వకు ఆకలి పుట్టును.

అమ్మవ్వ

దూరమున నున్న బిడ్డలును ఒక మాట నేర్వవలెను. "తిన్నావా?" అని అడిగిన "తిన్నాను" అనియే తల్లి చెప్పును. "పొద్దున ఏం వండావమ్మా? పప్పు చేశావా? రాత్రికి ఏముంది?" అని అడుగవలెను. అట్లడిగినపుడు కొంతసేపు అటువైపు మాట రాదు. ఆ మౌనమే సమాధానము. బెజ్జ మహాదేవికి బిడ్డ నోరు తెరచి చెప్పలేదు. పాలు ముట్టని నోటిని చూచి ఆమె యెరిగెను. ఆ యెరుకయే ఆమెను శివునకు తల్లిని చేసెను.

తల్లి లేని శివునకు తల్లి యగు భాగ్యము బెజ్జ మహాదేవికి దక్కెను. బిడ్డ చెంత లేని తల్లికి బిడ్డ యగు భాగ్యము, ఆమె పసిబిడ్డ యైనపుడు ఆమెకు తల్లి యగు భాగ్యము నేటి ప్రతి లింగాయత కుటుంబమునకు, ప్రతి మఠమునకు గుమ్మము ముందే యున్నది. ఆ భక్తురాలిని లోకము అమ్మవ్వ యని పిలిచినది. ఊరి చివరి రేకుల గదిలోని ప్రతి అవ్వయు ఒకప్పుడు ఒక బిడ్డకు అమ్మయే. సాయంకాలము దీపము పెట్టువేళ ఇష్టలింగ పూజకు కూర్చుండక మునుపు ఆ తలుపు తట్టి, ఆ కుండ మూత తీసి చూచినవాడు పూజ సగము ముగించినవాడే.